బుసైతీన్‌లో మనిషి, కర్జకాన్‌లో చెయ్యి

బహ్రెయిన్‌లో నేను గుమాస్తాని. ఇళ్ళు కట్టే కంపెనీలో పర్సొనెల్ సెక్షన్. సెక్షన్ అంటే నేను, ఒక టైప్‌రైటరు, చల్లదనం కంటే చప్పుడు ఎక్కువ ఇచ్చే ఒక ఏసీ. అయినా క్యాంపులో అందరూ నన్ను లాయర్ సాబ్ అనేవాళ్ళు. ఆ పేరు తెచ్చుకున్నది నేనే. గుంటూరులో రెండేళ్ళు లా చదివానని గట్టిగా చెప్పి, పరీక్షలకీ నాకూ పడక మానేశానని మెల్లగా చెప్పడం నా అలవాటు. వినేవాళ్ళకి మొదటి ముక్కే వినపడింది.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాలకి వెళ్తున్న పిల్లలకి ఒక మాట చెబుతాను. మన గురించి మనం చెప్పుకున్న గొప్ప ఊరికే పోదు. ఏదో ఒక రోజు పనిగా మారి మన బల్ల మీదకే వస్తుంది. నా బల్ల మీదకి మెస్ ఎన్నికగా వచ్చింది.

తొంభైల నాటి మాట. మా క్యాంపు పడమటి వైపు, కర్జకాన్ దాటాక ఉండేది. రూముకి ఎనిమిది మంది, అందరికీ కలిపి ఒక మెస్సు, ఆ మెస్సుకి ఒక కమిటీ, కమిటీకి ఒక సెక్రటరీ. ఏటా సెక్రటరీని ఎన్నుకోవాలి. ఆ ఎన్నిక జరిపించే బాధ్యత పర్సొనెల్ సెక్షన్‌ది, అంటే లా చదివినవాణ్ణి కాబట్టి నాది. దేశానికి న్యాయశాఖ ఎలాగో ఆ క్యాంపుకి నేను అలాగన్నమాట. అలా అనుకుని నేను కొంచెం నిక్కుగానే తిరిగేవాణ్ణి.

మా ఎన్నికలో ఒక పద్ధతి ఉండేది. దాని పేరు రూముకో చెయ్యి. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రశ్న అడుగుతాను. ప్రతి రూముకీ ఒక పెద్ద ఉంటాడు, అతను చెయ్యెత్తుతాడు. ఆ చెయ్యి ఎనిమిది చేతుల కింద లెక్క. ఎవరు పెట్టారో తెలియదు, నేను చేరేసరికే ఉంది. మంది తక్కువగా ఉన్న రోజుల్లో ఎవరో సులువు కోసం పెట్టుకుని ఉంటారు. మంది పెరిగినా సులువు అలాగే ఉండిపోయింది. కంచంలో అప్పడం అయిపోయేలోపు ఎన్నిక కూడా అయిపోయేది.

సెక్రటరీగారు మా కంపెనీ స్టోర్‌కీపరే. కాకినాడ వైపు మనిషి, భారీ విగ్రహం. సరుకులో చెయ్యి పెట్టే రకం కాదు. పప్పుచారు పల్చబడితే వంటవాడికంటే ముందు ఆయన ముఖం పాలిపోయేది. ఆయన్ని ఓడించాలని క్యాంపులో ఎవరికీ లేదు. ఉన్నా, ఓడించడం ఎలాగో ఎవరికీ తెలియదు.

పేచీ అంతా ఆలస్యంగా తినేవాళ్ళతో వచ్చింది. డ్రైవర్లు, వాచ్‌మన్లు, నీళ్ళ ట్యాంకరు వాళ్ళు. మిగిలిన అందర్నీ క్యాంపులో దింపి, బండి కడిగి నిలబెట్టి వాళ్ళు మెస్సుకి వచ్చేసరికి గిన్నెల్లో అడుగే మిగిలేది. చేపల పులుసు రోజున పులుసు దొరికేది, చేప దొరికేది కాదు. వాళ్ళు అడిగేది ఒక్కటే. వండగానే మా వాటా తీసి పక్కన పెట్టండి, ఆ తర్వాత మీరు ఎన్నిసార్లు వడ్డించుకున్నా మాకు అక్కర్లేదు. సెక్రటరీగారు దీన్ని ఏటా ఎన్నికతో పాటే ఓటుకి పెట్టించేవారు. ఏటా ఓడిపోయేది. ఒక్కో రూములో అలాంటివాడు ఒకడో ఇద్దరో ఉంటారు. తతిమ్మా ఆరుగురికీ రెండోసారి వడ్డన కావాలి. రూము చెయ్యి ఆ ఆరుగురి వైపే లేచేది. అందర్నీ ఒకచోట నిలబెడితే వాళ్ళు తక్కువ మందేమీ కాదు. రూముల్లోకి పంచేసరికి కనిపించకుండా పోయేవాళ్ళు.

అలా కనిపించకుండా పోవడం నచ్చనివాడు మా బస్సు డ్రైవరు. జగిత్యాల మనిషి, ముస్లిం, అందరికీ భాయ్. సన్నగా ఉండేవాడు, నీడలో కూడా నల్లకళ్ళద్దాలు తీసేవాడు కాదు. తగాదా పెట్టుకునే రకం కాదు గాని గిల్లడంలో మాత్రం దిట్ట. ఆ ఏడాది మెస్ ఓటు అయిన మర్నాడు నా ఆఫీసుకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లాయర్ సాబ్, ఒక డౌటు."

"అడుగు భాయ్."

"నిన్న మద్దినాల నేను బుసైతీన్‌ల ఉన్న. ఇంజనీర్లను సైటుకు తీస్కపోయిన. ఔనా?"

"అవును. నేనేగా పంపింది."

"గా టైముల్నే ఈడ ఓటింగైంది. నా బువ్వ పక్కకు పెట్టద్దని నా చెయ్యే లేశిందంట గద?"

"నీ చెయ్యి కాదు, మీ రూం చెయ్యి."

"రూంకు చెయ్యేడిది సాబ్? తలుపున్నది, కిటికీ ఉన్నది. చెయ్యి నేనెన్నడు సూడలే."

సంప్రదాయానికి కూడా చట్టమంత బలం ఉంటుందని మొదలుపెట్టి, నాకు గుర్తున్న రెండు లాటిన్ మాటలు కూడా వాడాను. అతను ఓపిగ్గా విన్నాడు. విని, "అయితే గీ ముచ్చట శుక్రారం అందరి ముంగట మాట్లాడుకుందాం" అన్నాడు.

ఆ రోజుల్లో ఆ దేశంలో ఎన్నిక అన్న మాటే గట్టిగా అనకూడదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఓటు గురించి, రద్దయిన చట్టసభ గురించి గొడవలు నడుస్తున్నాయి. రోడ్ల మీద పోలీసు బళ్ళు ఉండేవి. మా మేనేజరు బహ్రెయినీ, అందరూ ముదీర్ అనేవాళ్ళు. మంచివాడే గాని, "మెస్సు అంటే మెస్సే. అక్కడ పాలిటిక్స్ వినపడిందా, తాళం వేసేస్తా" అని నాకు ముందే చెప్పి ఉంచాడు. భాయ్ వీసా కంపెనీది. క్యాంపులో ఓట్ల గురించి ఉపన్యాసం ఇచ్చాడని పైకి చేరితే అతన్ని ఊరికి పంపించే కాగితం టైపు చేయాల్సింది కూడా నేనే.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మన దేశంలో సరిగ్గా ఎన్నికల రోజులు. రూముల్లో రేడియోలన్నీ వాటి మీదే మోగుతున్నాయి. శుక్రవారం ఒక చర్చ పెడదాం, విషయం మన దేశానిదే పెడదాం అన్నాను. ప్రభుత్వ న్యాయశాఖ ఓటు హక్కును సరిగా కాపాడుతోందా? కాపాడుతోందని నేను, లేదని అతను. ఢిల్లీని ఎంత తిట్టినా కర్జకాన్‌లో ఎవరికీ తగలదు. అత్త మీద కోపం చూపించుకోవడానికి దుత్తని నేనే తెచ్చి అతని చేతికి అందిస్తున్నానని మురిసిపోయాను.

"మంచిగున్నది" అన్నాడు భాయ్. అంత తొందరగా ఒప్పుకోవడం నాకు అప్పుడే అనుమానం రావాల్సిన సంగతి.

ముదీర్ దగ్గర అనుమతి అడిగాను. ఆయన ఇల్లు బుదైయాలో. మాతో హిందీలోనే మాట్లాడేవాడు.

"ఇండియా గురించేనా?" అన్నాడు.

"ఇండియా గురించే."

"ఇక్కడి మాట రాదు కదా?"

"రాదండి."

"బిర్యానీ ఉంటుందా?"

"శుక్రవారం కదండి, ఉంటుంది."

"అయితే నేనూ వస్తాను."

ఆ వారమంతా నేను ఉపన్యాసం తయారుచేసుకున్నాను. స్నానాల గదిలో తలుపేసుకుని వల్లించేవాణ్ణి. బయట బకెట్లతో నిలబడ్డవాళ్ళు చట్టమంతా వినక తప్పేది కాదు. వాళ్ళలో కొందరికి నాకంటే ముందే కంఠతా వచ్చేసింది.

శుక్రవారం వచ్చింది. నమాజులు, భోజనాలు అయ్యాక బల్లలు గోడకి జరిపారు. ముదీర్ ముందు కుర్చీలో బిర్యానీ కంచంతో కూర్చున్నాడు. సెక్రటరీగారు అధ్యక్షులు. భాయ్‌కి ఆ రోజు డ్యూటీ వేయకుండా నేనే చూశాను. మిగతా డ్రైవర్లు మాత్రం బళ్ళ మీదే ఉన్నారు.

ముందు నేను మాట్లాడాను. బాగానే మాట్లాడానని ఇప్పటికీ అంటాను. చట్టం రాసేది న్యాయశాఖ, ఓటు రహస్యంగా వేయాలని రాసింది ఆ శాఖే, దొంగ ఓటుకి జైలు అని రాసింది ఆ శాఖే అని చెబుతుంటే అధ్యక్షులవారే అడ్డొచ్చారు.

"ఏమండీ, ఎన్నికలు జరిపేది ఎన్నికల సంఘం కదండీ. మధ్యలో న్యాయశాఖకి ఏం పనండీ?"

"తాళం చేసేవాడొకడు, గుమ్మం దగ్గర కూర్చునేవాడొకడు అండి. తాళం సరిగా లేకపోతే కూర్చున్నవాడేం చేస్తాడు?"

జనం చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో నేను అవసరం లేని చోటికి కూడా వెళ్ళాను. మీ ఓటు ఎవరైనా ముందే వేసేస్తే చట్టం మిమ్మల్ని ఉత్త చేతులతో పంపదు, ఇంకో ఓటు ఇస్తుంది, దాన్ని కవర్లో పెట్టి సీలు వేసి భద్రంగా ఉంచుతారు అన్నాను.

"లెక్కపెడతారా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"మామూలుగా లెక్కపెట్టరు. కాని భద్రంగా ఉంటుంది."

నవ్వులు లేచాయి. నేను నీళ్ళు తాగి కూర్చున్నాను.

భాయ్ లేచాడు. మొదటిసారి నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తెలుగులోనే మొదలుపెట్టాడు.

"లాయర్ సాబ్ చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. లేదని చెప్పుమని నన్ను నిలబెట్టిన్రు గని, అబద్ధం నాతోని గాదు. న్యాయశాఖ నా ఓటును కాపాడినట్టు మా నాయిన గూడ నన్ను కాపాడలే.

నేనొచ్చి ఎన్నేండ్లాయె దుబాయికి, మా ఊళ్ళె ఏ గల్ఫయినా దుబాయే. ఊళ్ళె లేనోని పేరు తీసెయ్యాలె, కాయిదాల గట్లనే ఉంటదంట. నా పేరు తియ్యలే. ఉండనీయి, పనికొస్తదని ఉంచిన్రు. ఒక్క ఎలక్షన్ గూడ నా ఓటు తప్పలే. ఎండల నిలబడకుంట, లైన్ల తోసుకోకుంట, ఏలికి సుక్క అంటకుంట పడ్తది. ఎవలేస్తున్నరంటే మా బామ్మర్ది. నేను రాకముందు దుబాయి పోయినోళ్ళ ఓట్లు నేనేసేటోణ్ణి. పని నేర్పి వచ్చిన.

ఒక్కసారి బుద్ధి తక్కువై, సెలవు మీద పోయినప్పుడు స్కూలుకాడికి పోయి లైన్ల నిలబడ్డ. 'నీ ఓటు పొద్దుగాలనే పడ్డది, మళ్ళ ఎందుకొచ్చినవు?' అన్నడు ఆఫీసరు. నాకే సిగ్గయింది. 'పోనీ కవర్ల ఏస్తవా?' అన్నడు. ఏసిన. సీలు కొట్టి దాసిండు. మా ఇంటామె నగలు గూడ గంత భద్రంగ నేను దాయలే. లెక్క మాత్రం పెట్టలే, అది సాబ్ చెప్పనే చెప్పిండు."

హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఎదుటివాడు తన పక్షం వదిలేసి నా పక్షంలోకి వచ్చాడు, ఇక గెలుపు నాదే అనుకున్నాను. భాయ్ నా వైపు తిరిగాడు.

"ఊళ్ళె న్యాయశాఖ గంతనే చేసింది. మన క్యాంపుల న్యాయశాఖ అంతకంటే ఎక్కువ చేసింది. పోయిన శుక్రారం నేను బుసైతీన్‌ల స్టీరింగ్ పట్టుకుని ఉన్న, రెండు చేతులతోని. దేశానికి ఆ కొసకు. నా చెయ్యి ఈడ కర్జకాన్‌ల లేశింది. గంత పొడుగు చెయ్యి ఏ సర్కారిస్తది? లాయర్ సాబే ఇచ్చిండు. ఆయనకు నా సలాం."

నవ్వులు ఇంకా పెద్దవయ్యాయి గాని ఈసారి అందులో నేను లేను. రూము పెద్దలు కూడా లేరు. వాళ్ళు కింద నేల మీద ఏదో వెతుకుతున్నారు. నవ్వుతున్నది ఎప్పుడూ చెయ్యెత్తనివాళ్ళు.

ముదీర్ బిర్యానీ ఆపి నన్ను దగ్గరికి పిలిచాడు. "ఏమంటున్నాడు? ఎందుకింత నవ్వు?"

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు భాయ్ టిక్కెట్టు కళ్ళముందు కనిపించింది. ఊళ్ళో బామ్మర్ది తన ఓటు వేస్తున్నాడని చెబుతున్నాడండి, ఇండియా సంగతి అన్నాను. అంతా ఇండియా సంగతే అని మళ్ళీ అన్నాను. ముదీర్ తల ఊపాడు. భాయ్ అక్కడినుంచే, "సగమే చెప్పిన్రు సాబ్" అని, మిగతా సగం తనే హిందీలో చెప్పేశాడు. బుసైతీన్, స్టీరింగు, పొడుగు చెయ్యి, చేప లేని పులుసు, అన్నీ.

ముదీర్ గట్టిగా నవ్వాడు. నన్ను చూసి, "నువ్వు ఆ చెయ్యిని లెక్కపెట్టావా?" అన్నాడు.

"పెట్టానండి."

"మనిషి అక్కడ ఉండగా?"

"రూం చెయ్యండి అది."

మళ్ళీ నవ్వబోయి ఆగాడు. కంచం కేసి చూశాడు, తలుపు కేసి చూశాడు. హాలు కూడా మెల్లగా సద్దుమణిగింది. భాయ్ జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకున్నాడు. అతనికీ భయం వేసిందని నాకు అప్పుడు అర్థమైంది.

ముదీర్ లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. "ఇది పాలిటిక్స్ కాదు, అన్నం. అన్నం గురించి నేను చెప్పగలను. రేపటినుంచి డ్యూటీలో ఉన్నవాళ్ళ వాటా ముందు తీసి పక్కన పెట్టండి. చేతుల గురించి నేనేమీ వినలేదు. ఖలాస్" అన్నాడు. బిర్యానీ పొట్లం కట్టించుకుని కారెక్కాడు.

అప్పుడు నాకు ముదీర్ మీద కొంచెం కోపం వచ్చింది. పెద్దమనిషి సగం తీర్పు చెప్పి పోయాడేమిటని. ఆ దేశంలో ఆ రోజుల్లో ఆయనకి మాత్రం చెయ్యెత్తే చోటు ఎక్కడుందని నాకు తట్టడానికి ఏళ్ళు పట్టింది. తట్టిన రోజున ఆయన తలుపు కేసి చూసిన చూపు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

చర్చ ఇంకా తేలలేదని సెక్రటరీగారికి గుర్తొచ్చింది. ఆయనకి ఏదీ సగంలో వదలడం ఇష్టం ఉండదు. ఇద్దరు వక్తలూ ఒకే మాట అన్నారు కాబట్టి అనుకూలురు చేతులెత్తండి అన్నారు. ఎత్తారు, రూముకో చెయ్యి. భాయ్ నిలబడి చూస్తుండగానే వాళ్ళ రూం చెయ్యి కూడా లేచింది. ప్రభుత్వ న్యాయశాఖ ఓటు హక్కును దివ్యంగా కాపాడుతున్నదని మా క్యాంపు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఢిల్లీకి ఈ సంగతి తెలిసి ఉండదు.

మర్నాటినుంచి వాటా పక్కన పెట్టారు. పులుసులో చేప కనబడింది. కథ కంచికి చేరిందనుకుని నేను నా టైప్‌రైటరు ముందు కూర్చున్నాను. భాయ్ మళ్ళీ వచ్చాడు.

"బువ్వ దొరికింది సాబ్. చెయ్యి దొరకలే."

"ఇంకా ఏం కావాలయ్యా? ముదీరే చెప్పాడు, పెడుతున్నారు, తింటున్నావు."

"పెట్టుమంటే పెట్టిన్రు. రేపు ఈ ముదీర్ పోయి ఇంకో ముదీరొస్తడు. తియ్యిమంటడు. గప్పుడు నేనేం లేపాలె?"

నా దగ్గర లాటిన్ కూడా అయిపోయింది. చూద్దాంలే అన్నాను. గుమాస్తాలకి ఆ మాట చాలా ఏళ్ళపాటు పనికొస్తుంది. భాయ్ దగ్గర మాత్రం పనిచేయలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కుతుంటే అందరూ వినేలా అడిగాడు.

"లాయర్ సాబ్, నా చెయ్యి మీ దగ్గర మంచిగున్నదా?"

బస్సంతా నవ్వింది. ఆ మర్నాడు, "నా చెయ్యి చాయ్ తాగిందా సాబ్?" మరో రోజు, "ఎండ మస్తుగున్నది, నా చెయ్యిని బయటికి పంపకుండ్రి." వారం గడిచేసరికి బస్సులో అందరూ మొదలుపెట్టారు. వాచ్‌మన్లు గేటు దగ్గర తమ చేతుల యోగక్షేమాలు అడిగేవాళ్ళు. సెలవు మీద పోయేవాడు ఒకడు, తన చెయ్యికి ఊరినుంచి ఏం తెమ్మంటారని నన్ను అడిగి మరీ పోయాడు. వయసులో చిన్నవాళ్ళు నన్ను ధర్మాత్ముడు అనుకోకూడదని ఈ సంగతి చెబుతున్నాను. నేను ధర్మానికి లొంగలేదు, వెక్కిరింపుకి లొంగాను. శాఖలన్నీ అలాగే లొంగుతాయేమోనని నా అనుమానం.

మళ్ళీ ఎన్నిక దగ్గరపడ్డప్పుడు, ఈసారి మనిషికో ఓటు, రహస్యంగా, డ్యూటీలో ఉన్నవాళ్ళతో సహా అని మెస్సు గోడకి రాసి పెట్టాను. సెక్రటరీగారు పరుగున వచ్చారు. ముఖం ఎర్రబడి ఉంది.

"ఏమండీ, నా మీద నమ్మకం పోయిందా అండీ?"

"మీ మీద కాదండి. పద్ధతి మార్చాను."

"నేనంటే ఎవరికి గిట్టదో చెప్పండి చాలు. వాడి కంచంలో రెండు ముక్కలు ఎక్కువ వేయిస్తాను."

"అది మీకు తెలియకూడదనేనండి ఈ పద్ధతి."

ఆయన బల్ల మీద చేతులానించి నిలబడిపోయారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి నాకు జాలేసింది. ఇన్నాళ్ళూ అందరూ తనని కోరుకుంటున్నారని నిశ్చింతగా నిద్రపోయిన మనిషి. నిజంగా కోరుకుంటున్నారో లేదో ఇప్పుడు తేలిపోతుంది. అయినా స్టోర్‌కీపరు స్టోర్‌కీపరే. కాస్త తేరుకుని, "రాయడం రానివాళ్ళ సంగతేం చేస్తారండీ?" అన్నారు. దాని గురించి నేను ఆలోచించనే లేదు. "శనగ గింజ ఒకరికి, రాజ్మా గింజ ఒకరికి పెట్టండి. నెయ్యి డబ్బా మూతకి చిల్లు పొడిపిస్తాను. మనిషికి రెండూ ఇచ్చి ఒకటి డబ్బాలో, ఒకటి పక్కనున్న బియ్యం బస్తాలో వేయమనండి" అని ఆయనే చెప్పారు. తన మీద పోటీకి తనే సామాన్ సర్దారు. అప్పటినుంచి నాకు ఆయనంటే గౌరవం రెట్టింపైంది.

పోటీకి ఎవరూ రాలేదు. ఒక్కడే నిలబడితే ఓటెందుకని భాయ్ నిలబడ్డాడు. సెక్రటరీగారికి శనగ, భాయ్‌కి రాజ్మా.

క్యాంపులో ఉన్నవాళ్ళు వేశాక, నేను ఒక సంచిలో బియ్యం, ఒక చేతిలో నెయ్యి డబ్బా పట్టుకుని బస్సెక్కాను. డ్యూటీలో ఉన్న ప్రతివాడి దగ్గరికీ వెళ్ళాను. బుసైతీన్ సైటులో వాచ్‌మన్ ఒకడు గింజలు రెండూ అరచేతిలో పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. అతను ఏది వేశాడో నాకు తెలియదు. తెలియకపోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. తిరిగి వస్తుంటే క్యాంపు గేటు దగ్గర ముదీర్ కారు ఎదురైంది. అద్దం దించి, "ఆ డబ్బాలో ఏముంది?" అన్నాడు.

"శనగలండి. మెస్ సామాన్."

ఆయన డబ్బా మూతకున్న చిల్లుని చూశాడు, నన్ను చూశాడు. "శనగలు మంచివే. యల్లా, పద" అని అద్దం ఎత్తుకున్నాడు.

సాయంత్రం మెస్సులో అందరి ముందు డబ్బా బోర్లించాను. శనగల కుప్ప పెద్దదైంది. రాజ్మా గింజలు దాని పక్కన చిన్న కుప్పయ్యాయి. ఎవరో వంటింటి గడుగ్గాయిలు లవంగాలు కూడా వేశారు, అవి చెల్లవని ప్రకటించాను. సెక్రటరీగారే గెలిచారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆయన మాత్రం శనగల వైపు చూడలేదు. రాజ్మా గింజల్ని వేలితో కదుపుతూ, "ఇంతమందా అండీ?" అన్నారు మెల్లగా. నాకు తెలియదని చెప్పాను. ఎవరెవరని ఆయన అడగలేదు.

ఆ మర్నాటినుంచి, ఆలస్యంగా వచ్చేవాళ్ళు తినే వేళకి ఆయన రెండోసారి మెస్సుకి రావడం మొదలుపెట్టారు. గరిటె తనే పట్టుకుని వడ్డించేవారు. ఎవరి ముఖంలో రాజ్మా ఉందో తెలియదు కాబట్టి అందరికీ సమానంగా వేసేవారు. చేప ముక్కలు కూడా పెద్దవయ్యాయి.

ఓడిన అభ్యర్థిని ఓదార్చాలి కదా అని నేను లెక్కింపు మర్నాడు పొద్దున బస్సులో డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాను.

"ఓడిపోయావు భాయ్."

"ఓడిపోయిన సాబ్. మంచిగైంది. నేను గెలిస్తే బస్సెవరు తోల్తరు? ఆయన లెక్క పప్పుచారు పెట్టిచ్చుడు నాతోనయితదా?"

"నీ ఓటు నీకే వేసుకున్నావుగా?"

"లేదు. నేను గూడ శనగనే ఏసిన."

నాకు ఒళ్ళు మండింది. ఏడాదిపాటు నన్ను బస్సులో నవ్వులపాలు చేసి, స్టోర్‌కీపరు చేత కంటతడి పెట్టించి, డబ్బా పట్టుకుని దేశమంతా తిప్పించి, చివరికి ఇదా?

"ఇంతకాలం నీ చెయ్యి లేచిందీ ఆయనకే కదయ్యా. దానికోసమా నా ప్రాణం తీశావు?"

భాయ్ కర్జకాన్ మలుపు దగ్గర బస్సు నెమ్మది చేసి, ఎదురొచ్చే బండికి దారిచ్చాడు.

"గప్పుడు లేశింది సాబ్" అన్నాడు. "నిన్న నేను ఏసిన."